భూగర్భజలము ఎవరి సొత్తు?

నైరృతి ఋతుపవనములకు పడమటి కనుమలు అడ్డుపడుటచేతను, ఈశాన్య ఋతుపవనములకు తూర్పుతీరము దూరమగుటచేతను అనంతపుర పీఠభూమికి రెండు కాలములందును వాన కొఱతయే. 2022లో అనంతపురము, శ్రీ సత్యసాయి యను రెండు జిల్లాలుగా విడివడిన యీ సీమలో సాలీనా సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. ఇందుకు ఎవరిని నిందింపగలము? కాని కురిసిన యా కొంచెమును ఎట్లు వ్యయము చేయుచున్నామో మనమే చెప్పుకొనవలెను.

పూర్వులు ఈ లెక్క నెఱిగినవారు. ధర్మవరము, బుక్కపట్టణము చెఱువులు అందుకు సాక్షులు. పొరుగుననున్న కడప మండలమున పోరుమామిళ్ల చెఱువుకడ 1369 నాటి శాసన మొకటి కలదు. చెఱువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను అది పేర్కొనుచున్నది. నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుట ఆ దోషములలో నొకటి. ఆనాడు దోషమని రాతిపై చెక్కినదానిని నేడు మనము అభివృద్ధి యనుచున్నాము.

చెఱువులకు నీరుతెచ్చు వంకలు పెక్కుచోట్ల పూడినవి. కొన్ని ఆక్రమణల పాలైనవి. వాని స్థానమున బోరుబావులు వెలసినవి. ఇది గట్టిరాతి నేల. నీరు రాతి పగుళ్లలో మాత్రమే నిలుచును. ఒకడు మఱింత లోతునకు బోరు దింపినచో క్రొత్తనీరు పుట్టదు. పొరుగువాని బావిలోనిదే యిటు వచ్చును. ఆ పొరుగువాడు అప్పుచేసి యింకను లోతునకు దింపును. నీరు పడనిచో అప్పు మిగులును. పిదప కూలికై బెంగుళూరి దారి పట్టవలసినదే.

నీరు, భూమి, వృక్షముల రక్షణకై 2002లో చట్టము చేసిరి. బావులను నమోదు చేయవలెననియు, నీటిని మితిమీరి తోడినచోట క్రొత్త బావులను నిరోధింపవచ్చుననియు అందు కలదు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తును ప్రభుత్వ మొసగినది. పేదరైతునకు ఆ మేలు తొలగింపుమని మేము కోరము. అయితే మోటారు ఆడుచుండగా క్రింద నీరెంత మిగిలినదో చూచువారెవరు? తుంగభద్ర ఎగువకాలువ నీరు, హంద్రీ–నీవా నీరు మనకు కావలసినవే. కాని కాలువ ప్రతి మిట్టకును ఎక్కదు.

దీనికి మార్గము మన రైతులే చూపియున్నారు. 2010 వఱకు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఈ సీమతోగూడ ఏడు కఱవు జిల్లాలలో రైతులు స్వయముగా వర్షమును, బావుల మట్టమును కొలిచిరి. రబీకి ముందు గ్రామస్థులు కూడి, ఉన్ననీరెంత, ఏ పైరున కెంత యని లెక్కవేసిరి. ఏ యధికారి నిర్బంధమును లేకయే పలువురు వరిసాగును తగ్గించుకొనిరి.

ఎడారుల వ్యాప్తిని అరికట్టుటకై 1994లో ప్రపంచరాజ్యములు ఒడంబడిక చేసికొనినవి. వేదవతి యొడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతముల పొలములపై ఇసుకమేటలు ప్రాకుట చూచినవారికి అది దూరదేశపు మాటగా తోపదు.

కావున ప్రతి గ్రామసభయు రబీకి ముందు నీటి లెక్క తీయవలెను. వేసవిలో వంకల పూడిక తీయనిదే క్రొత్త బోరు మాట తలపెట్టరాదు. ప్రతి గ్రంథాలయమునందును వర్షమును, బావిమట్టమును వ్రాసిన పలక యొకటి వ్రేలాడవలెను. చదువరులైనవారు ఆ పలకను ఈ వానకాలముననే ప్రారంభింతురుగాక!