తెర లేచేసరికి సగం కుర్చీలు ఖాళీ

అమెరికాలో ఒకప్పటి వెరైటీ వినోదమైన వాడెవిల్ ప్రదర్శనల్లో మొదటి ఐటం సాధారణంగా మాటల్లేనిదే ఉండేది. పిల్లిమొగ్గలు, కుక్కల ఆటలు, గాల్లో బంతుల గారడీ. అప్పటికింకా జనం సీట్లు వెతుక్కుంటూ, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ ఉంటారు. ఆ గోలలో మాట వినపడదు మరి! చివరి ఐటానిదీ అదే గతి: సగంమంది లేచి ఇంటిదారి పట్టేవాళ్లు. పేరున్న తార వచ్చేది దానికి ముందు.

న్యూయార్క్‌లో 1881లో టోనీ పాస్టర్ ఇంటిల్లిపాదీ చూడదగ్గ వెరైటీ ప్రదర్శనలు మొదలుపెట్టినప్పటి నుంచి 1932లో వాడెవిల్‌కు పెద్ద వేదికైన ప్యాలెస్ థియేటర్ సినిమా హాలయ్యే దాకా, ఇలాంటి విచిత్ర విద్యలవాళ్లే ఆ కార్యక్రమాలకు అటూ ఇటూ కాపు కాశారు.

వాళ్ల కష్టం చిన్నది కాదు. తర్వాత సినిమా హాస్యనటుడైన బస్టర్ కీటన్ చిన్నతనంలో తండ్రి అతణ్ని స్టేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు విసిరేసేవాడు. పట్టుకోవడానికి వీలుగా పిల్లవాడి కోటుకు సూట్‌కేసు పిడి కుట్టించారు. దెబ్బలు తిని తాను నవ్వితే జనం నవ్వరని అతను అక్కడే గ్రహించాడు. సినిమాల్లో ప్రసిద్ధికెక్కిన ఆ చలించని ముఖం ఆనాటిదే. బాలల రక్షణ సంఘం వాళ్లు ఆ కుటుంబం వెంటపడ్డారంటే తప్పుపట్టలేం.

అయోవా రాష్ట్రపు చెర్రీ అక్కచెల్లెళ్లది ఇంకో కథ. పాటా రాదు, నటనా రాదు. 1896లో వాళ్లను బ్రాడ్‌వే ఎక్కించిన థియేటర్ యజమాని హామర్‌స్టైన్‌కు ఆ సంగతి బాగా తెలుసు. జనం వచ్చిందే వెక్కిరించడానికి. తమను చీల్చి చెండాడిన ఒక పత్రిక మీద వాళ్లు దావా వేశారు. జనం ముందు ఆడిపాడేవాళ్లను, దురుద్దేశం లేనంతవరకు, ఎంత ఘాటుగానైనా విమర్శించవచ్చని 1901లో అయోవా సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికాలో సమీక్షలు రాసేవాళ్లంతా ఆ అక్కచెల్లెళ్లకు ఒక నమస్కారం పెట్టాలి.

ఇలాంటివాళ్లు ఒకే విద్యతో ఏళ్ల తరబడి బతకగలగడానికి కారణం రైలు. ఊరు మారితే పాత ఐటం కొత్తదయ్యేది. సినిమా ఆ వీలు లేకుండా చేసింది. ఒక్కసారి తెరకెక్కిందంటే అన్ని ఊళ్లూ చూసేసినట్టే.

ఈజిప్టు నుంచి వచ్చిన హాజీ అలీ విద్య మరీ విడ్డూరం. గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగేవాడు, ఆ పైన కిరసనాయిలు. నూనె నీళ్లమీద తేలుతుంది గనుక ముందు అదే బయటికొచ్చేది. బల్లమీద బొమ్మకోటలో మంట రగులుతుంటే దానిమీద కిరసనాయిలు కక్కి భగ్గుమనిపించి, వెనకాలే నీళ్లు ధారగా చిమ్మి ఆర్పేసేవాడు. చూసేవాళ్లకు వికారం, విస్మయం రెండూ కలిగేవి. 1937లో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో కన్నుమూశాడు. 1931లో లారెల్, హార్డీలు స్పానిష్‌లో నటించిన ‘పొలితికెరియాస్’ చిత్రంలో అతని ఐటం ఉంది. కుతూహలం ఉన్న పాఠకులు భోజనానికి ముందు చూడకపోవడం మంచిది.