స్వెట్టరు కూడా పనిముట్టే

చలికాలం వచ్చిందంటే పేపర్లన్నీ లంబసింగి మంచు ఫోటోలు వేస్తాయి. చూసిపోయేవాళ్లకి అది అందం. మన గరివిడి, చీపురుపల్లి ఊళ్లలో అంత చలి లేదు, నిజమే. కానీ తెల్లారగట్ల నాలుగింటికి మంచుకి తడిసిన బట్టతో ఆరుబయట నిలబడినవాడికి ఈ చలే చాలు. చలి అందరికీ ఒకటే అంటారు. ఆ వేళప్పుడు బయట ఉన్నదెవరు? వీధి ఊడ్చే రెల్లి అక్క, కళ్లంలో కుప్పకి కాపలా పడుకున్న పాలికాపు, ఆసామి శాలలో పేడ ఎత్తే మాల తల్లి. ముసుగుతన్ని పడుకున్నదెవరో వేరే చెప్పాలా?

"ఏటి సేత్తాం బాబూ, అలవాటైపోనాది" అంటారు మనోళ్లు. చలి ఎవరికీ అలవాటు కాదు. మనకి అలవాటైంది అడక్కపోవడం. వెనకటి రోజుల్లో ఏడాది జీతానికి కుదిరేటప్పుడు చాలాచోట్ల గింజలతోపాటు చెప్పులజత, గొంగళి కూడా మాట్లాడుకునేవారు. ఆ పాలేరుతనాన్ని మనం వెనకేసుకు రావడం లేదు, అది పోవాల్సిందే. అయితే దానితోపాటు గొంగళి కూడా ఎందుకు పోయింది? రోజుకూలి ఇస్తున్నాం కదా, ఇంకేటి కావాలి అనే ఆసామికి ఇంతవరకూ మనం జవాబు చెప్పలేదు.

మన ఊరిమీదుగా పోయే హౌరా–చెన్నై రైలుపట్టా సంగతి చూడండి. చలికి ఇనుము ముడుచుకుంటుంది, అతుకుల దగ్గర పట్టా విరగొచ్చు. అందుకని చలికాలపు గస్తీ అని రైల్వే నిబంధనల్లో వేరే రాసుంది. ఇనుముకి చలేస్తుందని సర్కారుకి తెలుసు. చీపురు పట్టిన చేతికి? 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నియమాల్లో చెత్తపని చేసేవారికి యూనిఫారం, మెరిసే జాకెట్టు, చేతి తొడుగులు, వానకోటు, చెప్పులో బూట్లో, మాస్కు ఇవ్వాలని రాశారు. వానకి రాశారు, చలికి రాయలేదు. రాసినవైనా ఎన్ని పంచాయతీల్లో ఇచ్చారో మీ పేటలోనే అడిగి చూడండి.

డిసెంబరు 6న, జనవరి 1న నాయకులొచ్చి రగ్గులు పంచుతారు. ఒక్క రగ్గుని ఆరుగురు పట్టుకుని ఫోటో దిగుతారు. ఇస్తే తీసుకోండి, తప్పులేదు. కానీ రగ్గు కప్పుకుని వీధి ఊడ్వలేం, కుప్ప నూర్చలేం. రగ్గు పడుకునేవాడిది. పని చేసేవాడికి స్వెట్టరు, చెవులకి టోపీ, కాళ్లకి బూట్లు కావాలి. కొడవలి ఎంతో అవీ అంతే. పని చేయించుకునేవాడే ఇవ్వాలి.

అవి వచ్చేదాకా ప్రాణం కాపాడుకోవాలి కదా. ఒక్క మందపు బట్టకన్నా రెండు పలచటివి ఒకదానిమీద ఒకటి వేసుకుంటే మేలు, మధ్యలో నిలిచే గాలే వేడిని ఆపుతుంది. చెమటకో మంచుకో తడిసిన బట్ట వెంటనే మార్చండి, తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. సారా వేడి చేస్తాదన్నది ఒట్టి మాట. తాగినప్పుడు నెత్తురు చర్మం దగ్గరికి వస్తుంది, ఒళ్లు వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. ఆ డబ్బుతో వేడి చోడి అంబలి తాగండి. నెగట్లో టైర్లు, ప్లాస్టిక్ కవర్లు వెయ్యొద్దు. తలుపులు బిగించిన ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని అస్సలు పడుకోవద్దు. ఆ గాలికి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు.

కార్యకర్తలకి ఈ పక్షం పని ఇది. పేటపేటకీ వెళ్లి, బయట పనిచేసేవారి ఒంటిమీద ఏముందో, కాళ్లకి ఏముందో పేరుపేరునా రాసుకోండి. ఆ జాబితాతో పంచాయతీకి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి, కళ్లాల ఆసాములతో నూర్పులకి ముందే మాట్లాడండి. పగలు పదింటికి వెళితే ఎండ కాస్తుంటుంది, మీకేమీ కనిపించదు. నాలుగింటికే వెళ్లండి.