మార్చి లోపు వాడకపోతే పోయే ఎమ్మారై

మా టీములో పదకొండు మందిమి. అందులో నలుగురికి నడుం ఎమ్మారై అయిపోయింది. నలుగురూ ముప్ఫై దాటనివాళ్ళే, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. గొప్ప కోసం చెప్పట్లేదు, సిగ్గుపడుతూనే చెప్తున్నా.

నా కథ చిన్నదే. రిలీజ్ ముందు రెండు వారాలు కుర్చీకి అతుక్కుపోతే నడుం పట్టేసింది. డాక్టరు చూసి "కంగారేం లేదు, రోజూ నడవండి, కొన్ని వారాల్లో తగ్గకపోతే రండి" అన్నాడు. నాకు నచ్చలేదు. ఫీజు తీసుకుని నడవమంటాడా! పక్క సీటు మిత్రుడు ఉపాయం చెప్పాడు: "ఇన్సూరెన్సులో ఓపీడీ లిమిట్ ఉందిగా, మార్చి లోపు వాడకపోతే పోతుంది. ఎమ్మారై తీయించెయ్." ఇంకో డాక్టరు అడగ్గానే రాసిచ్చాడు. రిపోర్టులో "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" అని ఉంది. ఇక ఆ రాత్రంతా గూగులే. తెల్లారేసరికి మనసులో నాకు ఆపరేషన్ కూడా అయిపోయింది. నొప్పి మూడో వారంలో పోయింది గానీ, వంగి షూలేసు కట్టుకోడానికి మూడు నెలలు భయపడ్డా.

తర్వాత తెలిసిన సంగతి ఇది. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బి ఉంది. 2015లో ఇలాంటి 33 అధ్యయనాలు కలిపి లెక్కేస్తే, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలో 30 శాతానికి, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 84 శాతానికి డిస్క్ బల్జ్ కనిపించింది. అంటే చాలామందికి అది నెరిసిన వెంట్రుక లాంటిదన్నమాట. మన భాషలో చెప్పాలంటే, పదేళ్ళుగా చక్కగా నడుస్తున్న కోడ్ మీద వార్నింగులన్నీ ఆన్ చేస్తే వెయ్యి వస్తాయి. ప్రొడక్షన్‌లో బగ్ ఏదో అవి చెప్పవు.

మిషన్ని తిట్టట్లేదండోయ్. అది అద్భుతం. మన ఒంట్లో నీళ్ళూ కొవ్వూ ఎక్కువ, రెండిట్లోనూ హైడ్రోజన్ ఉంది, దాని ప్రోటాను ఓ బుల్లి అయస్కాంతం. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి ఉరామరిగా ముప్ఫై వేల రెట్లు. అందులో పడుకుంటే ప్రోటాన్లలో ఒక చిన్న భాగం ఒకవైపు మొగ్గుతుంది. 64 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే మన ఎఫ్ఎం స్టేషన్లకి కాస్త కింద, రేడియో తరంగం పంపితే పక్కకి ఒరుగుతాయి, ఆపగానే సర్దుకుంటూ సన్నటి సిగ్నల్ ఇస్తాయి. నీరు, కొవ్వు, నరం ఒక్కోటీ ఒక్కో వేగంతో సర్దుకుంటాయి. బొమ్మలో నలుపూ తెలుపూ ఆ తేడాయే. ఇక సిగ్నల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే, గ్రేడియంట్ కాయిల్స్ చోటుని బట్టి ఫ్రీక్వెన్సీని మారుస్తాయి (లోపల ఆ టకటకా గోల వాటిదే). మిగతాది మనం సెకండియర్‌లో బట్టీ కొట్టిన ఫోరియర్ ట్రాన్స్‌ఫాం. దాన్ని ఎమ్మారై బొమ్మకి వాడే పద్ధతి 1975లో ప్రచురించిన ముగ్గురిలో ఒకాయన మనవాడే, ఐఐఎస్సీ ఆచార్యుడు అనిల్ కుమార్.

ఎక్స్‌రే లేదు, రేడియేషన్ లేదు, కాబట్టి హాని లేదనుకుంటాం. నాకు హాని చేసింది మిషను కాదు, ప్రశ్న లేకుండా తెచ్చుకున్న జవాబు.

మరి ప్రశ్న ఉన్నవాళ్ళ సంగతి? మెదక్‌లో మా మేనమామ టైలరు. "మిషను ముందు కూసునేటోనికి నడుము నొయ్యకపోతే ఇంకెవనికి నొస్తది అల్లుడా" అని నవ్వేసేవాడు. నొప్పి ఎడమ కాల్లోకి దిగినా పది రోజులు బలం ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చాడు. ఆయన లెక్క ఒకటే: స్కానింగంటే పట్నం, పట్నమంటే పైసలు. ఒక సాయంత్రం కాలు లేవలేదు, మూత్రం బందయింది. అక్కడి డాక్టరు ఆ మాట వినగానే "ఇక ఒక్క గంట కూడా ఆగొద్దు, హైదరాబాద్ తీసుకెళ్ళి ఎమ్మారై తీయించండి" అన్నాడు. బండి, డబ్బు, వంద కిలోమీటర్లు, క్యూ... మిషన్లోకి వెళ్ళేసరికి మర్నాడు మధ్యాహ్నం. డిస్కు పగిలి వెన్ను అడుగున ఉండే నరాల కట్టని నొక్కేస్తోంది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మామ నడుస్తున్నాడు, కానీ ఎడమ పాదం ఈడుస్తాడు. కుట్టుమిషను తొక్కేది రెండు కాళ్ళతో.

నాకు అక్కర్లేని బొమ్మ రెండు గంటల్లో వచ్చింది. ఆయనకి కావాల్సిన బొమ్మ ఆలస్యమైంది. ఒకే కుటుంబం, ఒకే నడుం నొప్పి!

"నా డబ్బు, నా నడుం, నీకెందుకు? నేను మానేస్తే ఆ మిషను మెదక్‌కి వెళ్తుందా?" అంటారా? వెళ్ళదు, నిజమే. కానీ గిరాకీ ఉన్నచోటే సెంటర్లు పెడతారు, ఆ గిరాకీలో నాలాంటి లిమిట్ గాళ్ళమూ ఉన్నాం. పైగా గొంతెత్తి అడగ్గల వాళ్ళం మన అవసరం తీరగానే ఊరుకుంటాం. 2016లో మెదక్ జిల్లా కేంద్రమైంది, 2022లో రైలొచ్చింది, 2024లో మెడికల్ కాలేజీ మొదలైంది. వీకెండ్‌కి చర్చి చూసొచ్చే మనం ఒక్కటి అడగొచ్చుగా: ఏ జిల్లా కేంద్రంలోనైనా, రాత్రి పదకొండింటికైనా, ఎమ్మారై తీసి చదివే ఏర్పాటు. ఒట్టి మిషను చాలదు. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండరుతో ఎమ్మారై గదిలోకి వెళ్ళిన మనిషిని ఆ అయస్కాంతం లాగేసి ప్రాణం తీసింది. శిక్షణ ఉన్న టెక్నీషియన్ కావాలి, కరెంటు కావాలి. ఇక బొమ్మంటారా, అది ఫైలే. హైదరాబాద్‌లో కూర్చున్న రేడియాలజిస్టుకి నిమిషాల్లో చేర్చడం మన పనే కదా.

అంతవరకూ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. నడుం నొప్పితో పాటు కాలు బలహీనపడినా, మూత్రం ఆగినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తండి. అవేవీ లేకపోతే, చీటీ అడిగే ముందు డాక్టర్ని ఒక్కటే అడగండి: "ఇందులో ఏం కనబడితే నా వైద్యం మారుతుంది?" ఏమీ మారదంటే లేచి నడవండి.

ఈ మార్చికి నా లిమిట్ వాడకుండానే పోయింది. పోనీండి.