కూలి తేలేదాకా తప్పెట కాచొద్దు

తప్పెట వినేవాళ్లకు పండగ, కొట్టేవాళ్లకు పస్తు. ఇదెక్కడి న్యాయం?

కల్యాణదుర్గం నుంచి కంబదూరు పోతా, దారిలో ఒక ఊర్లో చిన్న తప్పెట కచేరీ చూసినాను. ఊరి పెద్దలు చప్పట్లు కొట్టినారు. కూలి మాట ఎవరూ ఎత్తలేదు. చావుకు, జాతరకు, చాటింపుకు మాదిగలతో తరతరాలు వెట్టికి కొట్టించినారు. ఇప్పుడు 'కళ' అని పేరు మార్చి అదే వెట్టి చేయిస్తున్నారు.

'పింఛను వస్తాంది కదా' అంటారు. డప్పు కళాకారుల పింఛను 2024 జూలైలో నెలకు 4000 రూపాయలైంది, నిజమే. అదీ 50 ఏళ్లు దాటినోళ్లకే. ఆ కచేరీలో కొట్టినోళ్లు పడుచు పిల్లోళ్లు. పింఛను సర్కారు ఇచ్చే ఆసరా. కూలి కొట్టించినోడు తీర్చాల్సిన బాకీ.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఈ వాద్యాన్నే హక్కుల గొంతు చేసింది. శెనక్కాయ ఎండితే పనే దొరకని ఈ కరువు సీమలో ఆ గొంతుకు వెల లేదా?

అన్నలారా, ముందు కూలి తేల్చమనండి. తర్వాతే తప్పెట కాచండి!