కాజాల పొట్లము

క్రిందటి నెలలో మా యింట జరిగిన చిన్న సంగతి యొకటి మమ్ము రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. నాన్నగారు సాయంత్రము కాజాలు తెత్తురని మా యేడేండ్ల పిల్లకు ప్రొద్దుట చెప్పితిమి. మావారు మఱచి వట్టిచేతులతో వచ్చిరి. పిల్ల నేలబడి పొర్లి యేడ్చినది. డబ్బానిండ అరిసెలుండగా ఈ పేరాస యెక్కడిదని వీపుమీద రెండు వేసితిమి. అది యేడ్పు మ్రింగికొని, “తెస్తారని నువ్వేగా చెప్పావు అమ్మా” అన్నది.

సోదరీమణులారా, ఆ మాటలోని న్యాయము మాకు పిదప శాస్త్రగ్రంథములవలన తెలిసినది. మన మెదడునందు నాడీకణములు ఇంచుమించు 8,600 కోట్లు. అందు మధ్యమెదడునగల కొన్ని లక్షల కణములు డోపమైన్ అను పదార్థమును విడుచుచుండును. స్విట్జర్లాండులోని ఫ్రైబూర్గు విశ్వవిద్యాలయమున వుల్‌ఫ్రాం షుల్ట్జ్ అను పండితుడు కోతుల మెదడులో సన్నని తీగెలుంచి యీ కణములను పరీక్షించెను. తలవని తలంపుగా పండ్లరసము నోట బడినపుడు కణములు చురుకుగా స్పందించినవి. దీపము వెలిగిన పిమ్మట రసము వచ్చునని కోతి నేర్చినంతట, దీపమును చూడగనే స్పందించినవి. రసము వచ్చినపుడు ఊరకున్నవి. దీపము వెలిగియు రసము రాకున్నచో, అది రావలసిన క్షణముననే వాని మామూలు స్పందనముకూడ అణగిపోయినది. 1997 నాటికి ఈ లెక్కకు గణితరూపము సైతము కల్పించిరి.

కోతి చేతిలోని దేదియు పోలేదు. ముందెట్లుండెనో అట్లే యున్నది. ఐనను దాని మెదడు నష్టము వ్రాసికొన్నది!

ఈ డోపమైనే ఆనందమని పలువురు వ్రాయుచున్నారు. అది సరికాదు. మిచిగన్ విశ్వవిద్యాలయమున కెంట్ బెరిడ్జ్ అనునాయన పరీక్షించిన యెలుకలలో ఆ పదార్థము దాదాపు నశించినవి సైతము, తీపి నాలుకపై బడగా పెదవులు నాకుకొన్నవి. కాని తమంతట తిండికై కదలవయ్యెను. రుచి వేఱు, ఆశ వేఱు. మా పిల్ల పగలెల్ల పెంచుకొన్నది ఆశను. దానికి అరిసెలెట్లు బదులగును?

అయోధ్యాకాండమున పురజనుల దుఃఖమునకు రాముని గుణములే కారణమని తలచెడివారము. ముందునాడే పట్టాభిషేకమని చాటి వీధుల నలంకరించుటయు కొంత కారణమేమో యని యిపుడు తోచుచున్నది. పెద్దలు మన్నింతురుగాక.

మఱునాడు పిల్లను చేరదీసి, తప్పు మాదేయని చెప్పితిమి. ఆ వారముననే మావారు ఎవరికిని చెప్పక కాజాలు తెచ్చిరి. పిల్ల పొట్లము చూచి గంతులు వేసి, మొదటి కాజా మా నోటనే పెట్టినది.

పలుమాఱులు రసము రానిచో, కోతి మెదడు దీపమును చూచి స్పందించుట మానివేయునట. ఇపుడు మేమేదైన తెత్తుమన్నచో, పిల్ల మా మొగము వంక చూచి “నిజంగానా?” అని యడుగుచున్నది. ఇదివఱ కెన్నడు నట్లడుగలేదు.