రిఫరీ కన్నా ముందు లిస్టు చూడండి

మా కమ్మర్‌పల్లి దిక్కు కబడ్డీ అంటే గొడవంతా రిఫరీ మీదే. "లైన్ తొక్కిండు", "టచ్ కాలే!" కానీ అసలు అన్యాయం కూత మొదలుకాకముందే, టీం లిస్టు రాసేటప్పుడే జరిగిపోతుంది. దాని మీద నోరెత్తేవాళ్లు తక్కువ.

నోరెత్తింది మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్. 2019లో ట్రయల్స్ లేకుండానే ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు మేరీ కోమ్‌ను పంపాలనుకుంటే క్రీడల మంత్రికి లేఖ రాసింది. అడిగింది సీటు కాదు, పోటీ. డిసెంబర్‌లో ట్రయల్ పెట్టారు. 9-1తో ఓడింది. ఓడినా ఆ ప్రశ్న తప్పు కాలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది.

దళిత బౌలర్ పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు ఆయన్ని కెప్టెన్‌గా నియమించలేదు. అక్కడ తప్పు అంపైర్‌ది కాదు, పేర్లు రాసిన చేతులది.

రిఫరీ తప్పు ఊరంతా చూస్తుంది. సెలెక్టర్ తప్పు గది దాటి బయటికి రాదు. అందుకే మిత్రులారా, "మెరిట్" అన్నవాళ్లను మూడే అడగండి: ట్రయల్స్ పెట్టారా? ఎంపిక చేసినవాళ్లలో మనవాళ్లెవరు? పాయింట్లు నోటీసు బోర్డు మీద పెట్టారా?

కాలేజీ టీం ఎంపికల్లోనూ ముందు ఆ కాగితం అడగండి. విజిల్ సంగతి తర్వాత.

జై భీమ్.