ఎర్రమంజిల్‌కు కావాల్సింది కొత్త కాపురం

అమీర్‌పేట నుంచి ఖైరతాబాద్ వైపు మెట్రోలో వెళ్తే రెండో స్టేషన్ ఎర్రమంజిల్. రోజూ వేలమంది నోట నలిగే ఆ పేరు పంజాగుట్ట పక్కనే, గుట్ట మీదున్న భవంతిది. నిజాం కొలువులో మంత్రిగా చేసిన నవాబ్ ఫక్రుల్‌ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న మేడ అది. గదులే నూట యాభైకి పైగా. తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి ఆఫీసులకు నెలవైంది. 2019 జూన్ 27న అక్కడ కొత్త అసెంబ్లీకి శంకుస్థాపన చేశారు. పాత మేడను పడగొట్టాలన్నది మంత్రివర్గ నిర్ణయం. పౌరులు కోర్టుకెక్కారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అలా మేడ నిలిచింది, కానీ దాన్ని ఏం చేయాలన్నది మాత్రం తేలలేదు.

ఆఫీసులున్నాయి కదా, అదీ వాడకమే కదా అనవచ్చు. వాడకం ఉన్నంత మాత్రాన సరిపోదని కోఠి రెసిడెన్సీ చెబుతోంది. మహిళా కళాశాల నడిచిన ఆ భవనం నిర్వహణ లేక శిథిలమై, చివరికి ప్రపంచ స్మారకాల నిధి ప్రమాద జాబితాకెక్కాకే బాగుకు నోచుకుంది. డంగు సున్నం గోడ తడిని పీల్చుకుని మళ్లీ గాలికి ఆరుతుంది. దానిమీద సిమెంటు మెత్తితే తడి లోపలే చిక్కి, పూత పెచ్చులుగా రాలుతుంది. పిట్టగోడ పగులులో మొలిచిన రావిమొక్కను ఆ వానాకాలమే పీకేస్తే పోతుంది. నాలుగేళ్లు వదిలేస్తే వేళ్లు గోడనే చీలుస్తాయి. అందుకే భవనం తెచ్చే ఆదాయం దాని మరమ్మతుకే వెళ్లే ఏర్పాటు కావాలి. ఫైళ్లు దాచిన గది ఆ ఆదాయం తేలేదు.

పాత ఇళ్లను కొత్త పనికి పెట్టడం హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. రాజ్‌భవన్ రోడ్డులోని బెల్లావిస్టా మహల్లో 1950ల నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నడుస్తోంది. అసెంబ్లీ పాత భవనమే 1913లో టౌన్‌హాలుగా పూర్తయినది. ఫలక్‌నుమా 2010లో హోటలైంది, చౌమహల్లా మ్యూజియమైంది. ఈ రెండిట్లో నాకు రెండోదే నచ్చుతుంది. టికెట్ కొనుక్కున్న ప్రతివాడూ చౌమహల్లా దర్బారు హాలు చూడగలడు, ఫలక్‌నుమాలో అడుగుపెట్టడం సామాన్యుడికి తేలిక కాదు. ఎర్రమంజిల్‌ను కూడా హోటలుకిచ్చేస్తే ప్రజల ఆస్తి ప్రజలకే దూరమవుతుందన్న భయం న్యాయమైనదే. దానికి విరుగుడు లీజు షరతుల్లోనే ఉంది: ముఖ్యమైన హాళ్లు, మెట్లు, ముఖద్వారం అందరికీ తెరిచి ఉండాలి; బస గదులు ఓ పక్కకే పరిమితం కావాలి.

ఖర్చు మాటేమిటంటారా? అన్ని గదులూ ఒకేసారి బాగుచేయనక్కర్లేదు. ముందు పైకప్పు, నీటి తూములు, ఆ తర్వాత ఒక్కో భాగం. స్థలం విలువైనది కాబట్టి కొత్తది కట్టాలనే వాదన నాకు రుచించదు. మెట్రో పక్కనే ఉండటం వల్ల పర్యాటకుడికి కారు కూడా అక్కర్లేదు, ఆ విలువ మేడను నిలబెట్టేందుకే పనికొస్తుంది. పైగా అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు ఊళ్ల నుంచి వచ్చి, ఇరుకు హాస్టళ్లలో నలుగురైదుగురు ఒకే గదిలో సర్దుకుని చదువుకునే పిల్లలున్నారు. మేడలో నగర చరిత్ర మ్యూజియం, దాని పక్కనే వాళ్ల కోసం రాత్రి పది దాకా తెరిచుండే పఠనాలయం పెడితే, మేడకు ఏడాది పొడవునా మనుషులుంటారు. ప్రభుత్వం ముందుగా చేయాల్సింది, సున్నం పని తెలిసిన ఇంజినీర్లతో గది గదికీ స్థితిని నమోదు చేయించి, ఆ నివేదికను జనం ముందుంచడం.